నర్సి పేరు మీద బెల్లంబువ్వ

పొద్దు పొడిచేసరికి లింగక్క గోదావరి ఒడ్డున ఇసుక మీద చేపలు ఎండేసి, పక్కన వెదురుకట్టె పెట్టుకొని కూసుంటది. ఎండుచేపల కాడ కావలి అంటే కాకుల కావలే. అయితే అంకిస ఊర్ల కాకిని అదిలియ్యాలంటే జర చూసి అదిలియ్యాలె. విసిరిన మట్టిబెడ్డ పోయి ఎవరి నాయనకు తాకుతదో చెప్పలేం. అందుకే లింగక్క ముందుగాల కాకి నడక చూస్తది, తర్వాతనే కట్టె లేపుతది.

మొన్నటికి మొన్న పెద్ద ఐలన్న పోయిండు. మూడోనాడు కొడుకు, కోడలు కాకి ముట్టాలని పిట్టకు పెట్టిన్రు. ఇస్తరాకు మీద బువ్వ, కోడికూర, ముంతల ఇంత కల్లు పెట్టి చెట్టు చాటుకు జరిగిన్రు. పెద్ద ఐలన్న కాకై వచ్చిండు. బతికున్నప్పటి లెక్కనే కుడికాలు ఈడ్చుకుంట వచ్చి, ముందు కల్లుల ముక్కు పెట్టి, తర్వాత కూర ముట్టి, "ఉప్పేదే?" అన్నడు. "అయ్యో, మర్చిన మామా" అని కోడలు ఇంటికి ఉరికి తెచ్చింది. తిన్నడు, రెక్కతోని మూతి తుడుచుకున్నడు, లేచిపోయిండు. మామ చివరి బువ్వల ఉప్పెయ్య మర్చిన కోడలని ఊరు ఊరంతా ఆమెను ఆడిపోసుకున్నది. కాకి గురించి ఎవ్వరు ఏం అనలే. అనేదానికి ఏమున్నది?

సచ్చినోళ్లు వస్తరు, తింటరు, పోతరు. రాలేదంటే కోపం మీద ఉన్నట్టు. అప్పుడు బతికినోళ్లు ఒక మాట ఇయ్యాలె. నీ బిడ్డ పెండ్లి మంచిగ చేస్తం అనో, నీ ఎద్దును అమ్మం అనో. తాము కోరుకున్న మాట చెవిల పడంగనే ఎంత మొండిముసలైనా దిగొచ్చి ముడుతది.

లింగక్క బిడ్డ అంకమ్మ పేరు మీద పెట్టిన ఇస్తరాకును మాత్రం పిట్ట ముట్టలే. మనుమడు పెంటయ్య ఆకును ముట్టలే, మనుమరాలు నర్సి ఆకును ముట్టలే.

సంగతి ఏందంటే, ఆ ఏడు వానలు మొదలైనయి. లింగక్క అల్లుడు ఆశన్న చేపలు పట్టేటోడు, సొంత దోనె ఉన్నది. పెండ్లాన్ని, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని గోదావరి అవతల నైజాం రాజ్యంల ఒక ఊరికి పెండ్లికి పోయిండు. తెల్లారి ఒక్కడే కనవడ్డడు, దోనె ఒడ్డుకు కట్టేసి ఉన్నది.

"అంకమ్మేది? పిల్లలేరి?" అన్నది లింగక్క.

"నేనే సంపిన అత్తా" అన్నడు ఆశన్న.

సందెకు వాపస్ వచ్చేటప్పుడు నది నడుమ తగువైందట. దేనికి తగువని అడిగితే ఆయనకే సరిగ్గ యాదికి లేదు. పెండ్లి కాడ తాగిన కల్లు, అక్కడ ఎవరో అన్న మాట, దాని మీద ఇంకో మాట. దోనె ఇసుకదిబ్బకు తాకి ఆగితే, "నీ దోనెల నేను రాను పో" అని అంకమ్మ పిల్లలను తీసుకొని దిగిందట. "రాకుంటె ఉండు" అని ఆయన ఒక్కడే వచ్చి ఒడ్డున కూసున్నడట. పిలిస్తే పోదామనుకున్నడు. కండ్లు మూతలు పడ్డయి. తెల్లారి లేచి చూస్తే ఎర్రటి వరద, దిబ్బ లేదు. పిచ్చి లేచినట్టు దోనె వరదల తోసిండు, ఊరోళ్లు గుంజి ఒడ్డున పడేసిన్రు. అప్పటి నుంచి ఆయన నోట్లె ఒకటే మాట: నేనే సంపిన. సిరొంచ సర్కారు కచేరీ జవాన్లు వచ్చి అడిగినా అదే మాట. బేడీలేసి తీసుకపోయిన్రు.

పీనుగులు దొరకలే. దొరకకున్నా పిట్టకు పెట్టాలె గదా. మూడోనాడు పెట్టిన్రు, పదోనాడు పెట్టిన్రు. కాకి ఒక్కటి దిగలే. అప్పుడు సమ్మన్న పటేలు ముందుకు వచ్చి, తువ్వాల నడుముకు చుట్టి, మొగులు దిక్కు చూసి గట్టిగ అన్నడు:

"అంకమ్మా! నీ మొగన్ని ఉరి తీయిస్తం. ఊరంతా కలిసి మాటిస్తున్నం. వచ్చి ముట్టు బిడ్డా!"

అయినా రాలే. ఉరి పడ్డంకనే వస్తదని అందరు అనుకున్నరు. లింగక్క గూడ అనుకున్నది. ఇగ ఊరికి ఒక పని దొరికింది. సచ్చినోళ్లకు మాట ఇచ్చినంక ఊకుండొద్దు గదా.

పటేలు పది మందిని ఎంటేసుకొని కచేరీకి పోయి వచ్చిండు. నాటేసే ఆడోళ్లు ఆశన్న మీద పాట కట్టిన్రు. పాటల ఆయన చేతికి గొడ్డలి ఇచ్చిన్రు. గొడ్డలి యాడిదంటే, పాటకు కావాలె. మాట చామోర్షి అంగడి దాక పోయేసరికి పిల్లలు నలుగురైన్రు, భామ్రాగడ్ అడవుల్లకు పోయేసరికి ముసలి తల్లిని గూడ సంపిండట. ఆశన్నను ఎన్నడు చూడనోడు గూడ, "వాని కండ్లల్ల అప్పుడే కనవడ్డదిరా నాకు" అన్నడు. అంకిస మొగోళ్లు కొన్నాళ్లు మంచిగైన్రు, పెండ్లాలను దోనె ఎక్కిచ్చేటప్పుడు చెయ్యి పట్టిన్రు. పెండ్లాలు గూడ అవతలి ఒడ్డు చేరేదాక నోరు తెరువలే.

సిరొంచలనైతే అంగడినాడు జవాన్లు ఆశన్నను ప్రాణహితల స్నానానికి తోల్కపోతుంటే జాతర లెక్కనే ఉండేది. మజ్జిగ అమ్మేటామె కుండను అంగట్లకెళ్లి ఒడ్డుకు మార్చింది. కొందరు ఇసుక విసిరిన్రు. కొందరు చంటిపిల్లలను ఎత్తి చూపిచ్చిన్రు. ఆయన తల వంచుకొని మునిగి, తల వంచుకొని లేచేటోడు.

లింగక్కకు మర్యాద పెరిగింది. నీళ్ల కాడ ఆమె కడవే ముందు నింపనిచ్చిన్రు. ఆమె ఎండుచేపలు ఎవ్వరు బేరమాడకుండ కొన్నరు. ఆమెకు ఆ మర్యాద వద్దు, అల్లుడు సావాలె, అంతే. అంత కోపం జన్మల ఎవరి మీద రాలే ఆమెకు. వాడు ఉరికి ఎక్కిన్నాడు నా బిడ్డ వచ్చి నా చేతి బువ్వ తింటదని దినాలు ఎల్లదీసింది.

వానలు తగ్గే యాళ్లకు పక్కింటి లక్ష్మక్క చిన్నకొడుకు జ్వరమొచ్చి పోయిండు. పోయే ముందటి దినమే ఏదో పెంకితనం చేసిండని లక్ష్మక్క వాని వీపు మీద రెండు ఏసింది. ఆ బాధ ఆమెను తినేస్తున్నది. "వానికి నా మీద కోపముంటది, రాడు" అని ఏడ్చుకుంటనే ఇస్తరాకు పట్టుకొని ఒడ్డుకు వచ్చింది. లింగక్క తోడు వచ్చింది.

ఆకు ఇంకా కింద పెట్టనే లేదు, చిన్నకాకి ఒకటి ఎగిరొచ్చి లక్ష్మక్క చేతిలున్న బెల్లంముక్కను గుంజుకున్నది.

"కొట్టిన గదా బిడ్డా! కోపం రాలేదా?" అని లక్ష్మక్క బోరుమన్నది.

కాకి తల వంకర పెట్టి చూసి, బువ్వ తిని, ఆమె ఒళ్లె జరసేపు కూసొని పోయింది. చిన్నపిల్లలకు కోపం ఎంతసేపు ఉంటది? ఆకలయ్యేదాక ఉంటది.

లింగక్కకు నర్సి మతికొచ్చింది. రెండేండ్ల పిల్ల. ఏడుస్తనే నోరు తెరిచేది. తల్లి తిట్టినా, తండ్రి తిట్టినా, ఎదురుంగ బెల్లంబువ్వ పెడితే తిట్టినోళ్ల ఒళ్లెనే కూసొని తినేది. పక్కింటోళ్ల గిన్నె చప్పుడైతే ఇక్కడి నుంచి పాకేది. తల్లి కోపం తల్లిది. నర్సికి ఏం కోపం? నర్సి సచ్చుంటె మూడోనాడు ఆకు ఏయకముందే దిగేది గదా!

లింగక్క ఇసుక మీద కూసున్నది. సంతోషమో భయమో ఆమెకే అర్థం కాలే. నర్సి ఉన్నదంటే దాన్ని ఎత్తుకున్న నా బిడ్డ గూడ బతికున్నది, ఊరు మాటిచ్చి నా అల్లుని సంపబోతున్నది. రెండు ఒక్కసారే తెలిసినయి.

పటేలు ఇంటికి పోయి చెప్పింది.

"నర్సి రాలేదంటే నర్సి సావలే పటేలా."

"తల్లి రానిస్తలేదేమో. చెయ్యి పట్టుకొని ఆపుతున్నదేమో" అన్నడు సమ్మన్న పటేలు.

"బతికున్నప్పుడే దాన్ని తిండి కాడ ఆపలేకపోయింది నా బిడ్డ. సచ్చి ఆపుతదా?"

అక్కడ కూసున్నోళ్లు నవ్విన్రు, మల్ల నవ్వొద్దని ఊకున్నరు. పటేలు గడ్డం గీరుకున్నడు. చెడ్డోడు కాదు, కానీ అందరి ముందర గొంతెత్తి ఇచ్చిన మాట.

"సచ్చినోళ్లకు మాట ఇచ్చినం లింగక్కా. ఎట్ల ఎనుకకు తీసుకుంటం?"

"సావనోళ్లకు ఇచ్చిన్రు గదయ్యా!"

తెల్లారి నీళ్ల కాడికి పోతే ఆమె కడవ అందరి కడవల ఎనుక నిలబడ్డది. ఎండుచేపల కాడ బేరం మొదలైంది. పోనీ అనుకున్నది లింగక్క. మూట కట్టుకొని సిరొంచ తొవ్వ పట్టింది.

కచేరీల మున్షీ కిషన్‌రావు చాందా దిక్కోడు, తెలుగు జర మరాఠీ యాసతోని మాట్లాడుతడు. ఆమె చెప్పిందంతా ఓపిక పట్టి ఇన్నడు.

"మా ఇంట్ల గూడ అంతే ముసలమ్మా. మా అమ్మ కాకి వేడన్నమైతెనే దిగుతది" అన్నడు. "నువ్వు చెప్పింది అబద్ధమని నేననను. కానీ నీ అల్లుడే ఒప్పుకున్నడు గదా. వాని మాట మీదనే దొర ఉరి రాసి, కాయితం మంజూరుకు నాగపురం పంపుతడు. వాడు ఆ మాట తిప్పుకుంటెనే ఏమన్న అయితది. నీతోని నాతోని కాదు."

ఆశన్న కటకటాల ఎనుక గోడకు ఆనుకొని ఉన్నడు. గడ్డం పెరిగి మనిషి సగమైండు. ఇన్నాళ్లు ఈ మొఖాన్ని తిట్టుకుంట పండుకున్నది లింగక్క. ఇప్పుడు కటకటాలు పట్టుకొని పిలిచింది.

"ఆశన్నా, వాళ్లు సావలే. నర్సి పిట్టకు రాలే."

"నా కండ్ల ముందట దిబ్బ లేకుండ పోయింది అత్తా. నేనే సంపిన. నన్ను పోనియ్యి."

"నర్సి రాలేదంటున్న!"

"నా కూడనుకున్నదేమో. నా కూడు ముట్టదు."

"అది ఎవరి కూడని చూసిందిరా ఎన్నడన్న?"

ఆశన్న గోడ దిక్కు తిరిగిండు. సావాలని గట్టిగ అనుకున్నోన్ని మాటలతోని కదిలిచ్చుడు ఎవరితరం? లింగక్క మల్ల మున్షీ దగ్గరికి పోయి, అంగడినాడు స్నానానికి తోల్కపోయినప్పుడు ఆయన కండ్ల ముందట ఒక్కసారి ఇస్తరాకు ఏయనియ్యుమని చేతులు పట్టుకున్నది. పిట్టకు పెట్టేదానికి అడ్డం చెప్పేటోడు ఆ దిక్కు ఎవడున్నడు? కిషన్‌రావు సరేనన్నడు.

ఆ అంగడినాడు ప్రాణహిత ఒడ్డున ఇసుకేస్తె రాలనంత జనం. అంకిస నుంచి పటేలు గూడ వచ్చిండు. లింగక్క మూడు రాళ్లు పెట్టి, మంచిబియ్యం ఏసి, ఇంత బెల్లం దంచి పోసి, నెయ్యి చుట్టి వండింది. వాసనకు జవాన్లే గుటకలు మింగిన్రు. ఒక్కటే ఆకు ఏసింది.

"నర్సీ! రా బిడ్డా, బెల్లంబువ్వ!"

పిలిచి ఎనుకకు జరిగింది. గంత మంది కాకి దిగాలె అని చూస్తున్నరు. రావొద్దు రావొద్దు అనుకునేది ఆమె ఒక్కతే. ఇంత మంచిగ ఎందుకు వండితినని తన చేతులను తనే తిట్టుకున్నది.

ఒడ్డున కట్టిన టేకు దుంగల మీద కాకులు బారుగ కూసున్నయి. అండ్ల నుంచి ఒకటి దిగింది. బక్కది, చిన్నది. గెంతుకుంట గెంతుకుంట ఆకు దిక్కే వస్తున్నది. ఆశన్న చేతుల బేడీలు గలగలమన్నయి. కాకి ఆకు పక్కన ఆగి, బెల్లంబువ్వను ఒక కన్నుతోని చూసి, పక్కకు తిరిగి పోయి మజ్జిగకుండ మీద కూసున్నది.

"ఏందమ్మా, ఇంట్ల పెడితే చాలదా, ఇక్కడికి గూడ వస్తవా?" అన్నది మజ్జిగామె. అది ఆమె తల్లే. ఇంత తాగి, మూతి కుండకే రుద్ది పోయింది. జనం గొల్లున నవ్విన్రు.

పొద్దు నడినెత్తికి వచ్చి పడమర వాలింది. ఆకు మీద కాకి వాలలే. ఏదన్న అయితదని వచ్చిన జనం ఏం కాకపోయేసరికి ఇసుగొచ్చి కొంచెం కొంచెం పలుచబడ్డరు. చీమలు వచ్చినయి. బెల్లంబువ్వకు చీమలు బారు కట్టినయి. ఆశన్న ఆ చీమలనే చూసుకుంట కూసున్నడు.

"అత్తా" అన్నడు. "బెల్లమంటె అది ఆగదు గదా."

"ఆగదు."

"కాకులల్ల ఉంటె వస్తుండె."

"అవ్ బిడ్డా. సచ్చుంటె వస్తుండె."

ఆశన్న అప్పటిదాక ఏడువలే. ఇప్పుడు ఏడ్చిండు. జవాన్లు పక్కకు జరిగి ఏడువనిచ్చిన్రు. కచేరీకి పోయినంక దొర ముందట నిలబడి, "నేను సంపలే. ఇడిచిపెట్టి వచ్చిన" అన్నడు. మల్ల మల్ల అడిగినా అదే మాట. పీనుగు లేదు, ఒప్పుకోలు లేదు. నాగపురం పోవాల్సిన కాయితం పోలే. కొన్నాళ్లు ఉంచుకొని, కోతలకు ముందు బేడీలు తీసి పంపిచ్చిన్రు.

కాకులను ఎవడో మంత్రగాడు కట్టేసిండని కొందరన్నరు. కండ్లల్ల అప్పుడే కనవడ్డదన్నోడే, "వాడు సంపలేదని నాకు అప్పుడే తెలుసు" అన్నడు. పాటను మాత్రం ఎవ్వరు ఇడువలే, పాట మంచిగున్నది. మంగలాయన ఆశన్న గడ్డం గీయలే. ఆయన దోనె ఎవ్వరు ఎక్కలే.

"యాడ ఎతకాలె అత్తా?" అన్నడు.

"నీళ్లు ఎటు పోతే అటే."

పోయిండు. చలికాలమంతా లింగక్క చేపల కాడ కూసొని గోదావరి వంపు దిక్కే చూసింది. నీళ్లు తగ్గి దిబ్బలు తేలినంక ఒకనాడు దోనె వచ్చింది. దాంట్ల ఆశన్న ఒక్కడే ఉన్నడు.

ఊరు ఒడ్డుకు ఉరికింది. ఆయన దోనె దిగలే.

"ఉన్నరత్తా. ముగ్గురున్నరు" అన్నడు. "ఆ సందెనే టేకు తెప్పలోళ్లు దిబ్బ మీద చూసి ఎక్కించుకున్నరట. నది దిగువన దొరలు గోదావరికి కట్ట కడుతున్న కాడ అంకమ్మ రాళ్లు మోస్తున్నది."

"మరి తోల్కరాలేదేందిరా?"

"రానన్నది. నిన్ను తీసుకరమ్మన్నది."

జనంల గుసగుస లేసింది. సమ్మన్న పటేలు లింగక్క చెయ్యి పట్టుకున్నడు. "ఎక్కకు లింగక్కా. వాడు మల్ల ఒక్కడే వచ్చిండు చూసినవా? నిన్ను గూడ నది నడుమ ఇడుస్తడు" అన్నడు నిజంగనే పరేషానై.

లింగక్కకు భయమైంది. కాలేదంటే అబద్ధం. చీమలు పట్టిన బువ్వ తప్ప ఆమె చేతుల ఇంకే సాక్ష్యం లేదు. ఇంటికి పోయి చీర ఒకటి, చేపలు కొన్ని మూట కట్టుకొని వచ్చి దోనె ఎక్కింది. వంపు తిరిగేదాక ఒడ్డు మీద ఒక్కరు కదలలే. తిరిగినంక ముసల్దాని పేరు మీద పిట్టకు ఎవరు పెట్టాలె అనే ముచ్చట మొదలైంది.

కట్ట కాడ గుడిసెలు, దుమ్ము, మనుషులు. అంకమ్మ రాళ్లగంప దించి తల్లిని చూసింది. లింగక్క ఉరికి పోయి బిడ్డ వీపు మీద ఒక్కటిచ్చి, అదే చెయ్యితోని దగ్గరికి గుంజుకున్నది.

"కబురన్న పంపకపోతివే! నీకు ఇస్తరాకు ఏసిన్నే, ముండా!"

"పంపితె ఆయన వస్తడని పంపలేదమ్మా. నిన్ను ఏడిపిచ్చిన, నాకు తెలుసు." అంకమ్మ గూడ ఏడ్చింది. పెంటయ్య ఎదిగిండు. నర్సి గుడిసెల నిద్రపోతున్నది, లింగక్క పోయి ముక్కు కాడ ఏలు పెట్టి ఊపిరి చూసుకున్నది.

సందెకు పొయ్యి కాడ కూసొని లింగక్క అల్లుని సంగతి ఎత్తింది. ఆయన దోనెలనే ఉన్నడు, ఎవ్వరు రమ్మనలే.

"ఉరి దాక పోయి వచ్చిండే. వానికి బుద్ధొచ్చింది. వాడు సంపలేదని కచేరీ గూడ ఇడిచిపెట్టింది."

అంకమ్మ బువ్వ కలుపుకుంట నెమ్మదిగ అన్నది: "నీళ్లు పాదాలకు వచ్చినప్పుడు పిలిచిన. మోకాళ్లకు వచ్చినప్పుడు పెంటడు నాయనా నాయనా అని పిలిచిండు. ఒడ్డున కూసున్నోడు కనవడుతనే ఉన్నడు. ఇన్నడో ఇనలేదో నాకు తెల్వది, లేవలే. ఆయన మమ్ముల సంపిండమ్మా. మేమే సావలే."

లింగక్కకు బిడ్డ మీద జాలైంది, అల్లుని మీద జాలైంది, ఇద్దరిని ఒక్కచోట కూసోబెట్టే మాట మాత్రం దొరకలే. లేచి, గిన్నెల బువ్వ, చేపలకూర ఏసుకొని ఒడ్డుకు పోయింది.

"తిని పో అల్లుడా."

ఆశన్న ఆమె మొఖం చూసిండు, గిన్నె అందుకున్నడు. మెతుకు ఇడువకుండ తిన్నడు. దోసిట్ల నీళ్లు తాగి, దోనెను లోపలికి నూకిండు. లింగక్క గిన్నెను గోదావరిల కడుక్కొని గుడిసెకు పోయింది.